శీతల గిడ్డంగిలో ట్యాగులు, సెన్సర్లు: ఒక విశాఖ సేవా సంస్థ పనితీరుపై సమీక్ష

విశాఖపట్నం పరిసరాల్లో రొయ్యలను శుద్ధి చేసి, గడ్డకట్టించి, విదేశాలకు పంపే ఒక మధ్యతరహా సంస్థలో గిడ్డంగి, లోడింగ్ పనులు నా బాధ్యత. మా శీతల గిడ్డంగిలో ప్యాలెట్లకు (సరుకు పేర్చే పలకలకు) రేడియో తరంగాలతో చదివే ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు, గదులకు ఉష్ణోగ్రత సెన్సర్లు, ఈ రెండింటి నుంచి వచ్చే సమాచారాన్ని స్టాకు లెక్కలతో కలిపే సాఫ్ట్‌వేర్ అమర్చే పనిని నగరానికే చెందిన ఒక సేవా సంస్థకు అప్పగించాము. ఒక సీజన్ పూర్తిగా వాడి చూసిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఇటువంటి సేవను ఎవరి దగ్గర తీసుకున్నా పరిశీలించవలసిన అంశాలు ఇవే. ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను: సెన్సర్ల పని చాలా బాగుంది, ట్యాగుల పని బాగుంది, సాఫ్ట్‌వేర్ పని మాత్రం మేము గట్టిగా పట్టుబట్టిన తరువాతనే దారికి వచ్చింది. మొత్తం మీద ఐదింటికి నాలుగు మార్కులు ఇస్తాను.

మాకు ఈ అవసరం ఎందుకు వచ్చిందో చెప్పకుండా సేవను తూచడం సరికాదు. మా దగ్గరికి వచ్చే వనామీ రొయ్య గోదావరి జిల్లాల చెరువుల నుంచీ, శ్రీకాకుళం, విజయనగరం వైపు చెరువుల నుంచీ వస్తుంది. ఒక చెరువు పట్టుబడి ఒక లాటు అవుతుంది. ఆ లాటును కౌంటుల వారీగా, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన, వేరు చేసి, తలలు తీసి, కొంత బ్లాకులుగానూ కొంత విడివిడిగానూ గడ్డకట్టించి, మాస్టర్ కార్టన్లలో (ప్యాకెట్లను కలిపి ఉంచే పెద్ద అట్టపెట్టెల్లో) పెట్టేసరికి ఒకే లాటు గిడ్డంగిలో పది చోట్లకు చెదిరిపోతుంది. కొన్ని నెలల తరువాత విదేశీ కొనుగోలుదారు ఒక కార్టన్ ఫొటో పంపి, ఇది ఏ చెరువుది, యాంటీబయాటిక్ పరీక్ష ఫలితం ఏమిటి, ఏ తేదీన గడ్డకట్టించారు అని అడిగితే, రిజిస్టర్లు తిరగేసి జవాబు ఇవ్వడానికి మా కార్యాలయంలో ఒక మనిషి రోజంతా కూర్చోవలసి వచ్చేది.

బయటి ఒత్తిడి కూడా పెరిగింది. అమెరికాకు దిగుమతి అయ్యే రొయ్య 2018 డిసెంబర్ 31 నుంచి అక్కడి సముద్ర ఆహార దిగుమతుల పర్యవేక్షణ కార్యక్రమం కిందికి వచ్చింది. ఆ దేశపు ఆహార, ఔషధ సంస్థ 2022 నవంబర్‌లో ఖరారు చేసిన జాడ నియమంలోని (ఆహారం ఎక్కడి నుంచి ఎలా వచ్చిందో రికార్డు ఉంచాలనే నియమం) ఆహార పదార్థాల జాబితాలో రొయ్యలు, పీతల వంటివి ఉన్నాయి. ఏదైనా అనుమానం వచ్చి అధికారులు అడిగినప్పుడు సాధారణంగా 24 గంటలలోగా వివరాలు అందించగలగాలని ఆ నియమం చెబుతుంది. దాని అమలు గడువు 2026 జనవరి 20 నుంచి 2028 జులై 20కి జరిగినా, పెద్ద కొనుగోలుదారులు అంతవరకు ఆగడం లేదు, ఇప్పటి నుంచే అడుగుతున్నారు. అయితే ఆ నియమం ఫలానా సాంకేతికతనే వాడాలని ఎక్కడా కోరదు, రికార్డులను కాగితం మీద కూడా ఉంచుకోవచ్చు, వ్యాధి వ్యాప్తి వంటి సందర్భాల్లో అధికారులు అడిగితే మాత్రం వాటిని ఎలక్ట్రానిక్ పట్టికగా ఇవ్వగలగాలి. ట్యాగులు లేకపోతే ఎగుమతులు ఆగిపోతాయని భయపెట్టి అమ్మజూపే వారు ఈ మధ్య ఎక్కువయ్యారు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను. మేము ఎంచుకున్న సంస్థ ప్రతినిధి మొదటి సమావేశంలోనే ఈ సంగతిని తానుగా చెప్పడం వల్లనే ఆయన మీద మాకు నమ్మకం కుదిరింది.

ధర చెప్పడానికి ముందు వారు గిడ్డంగిని చూడాలన్నారు. ఊరికే చూసి పోవడం కాకుండా, ట్యాగులను చదివే ఒక రీడర్, కొన్ని రకాల ట్యాగులు వెంట తెచ్చి, మా సరుకు మీదనే పరీక్షించి చూపించారు. ఇది ఎంత ముఖ్యమో ఆ పరీక్షలోనే తెలిసింది. ఈ ట్యాగుల్లో బ్యాటరీ ఉండదు. రీడర్ పంపే రేడియో తరంగాల శక్తితోనే అవి మేల్కొని, తమ సంఖ్యను తిరిగి చెబుతాయి. కారు అద్దానికి అతికించే ఫాస్టాగ్ పనిచేసేది కూడా ఈ పద్ధతిలోనే. ఆ తరంగాలను నీరు పీల్చుకుంటుంది, లోహం తిప్పికొడుతుంది. శీతల గిడ్డంగిలో గోడలకు వాడే, చలిని ఆపే పఫ్ ప్యానెళ్ళకు రెండు వైపులా ఉక్కు రేకే ఉంటుంది, మన సరుకులో అధిక భాగం నీరే. నీటితో పోలిస్తే గడ్డకట్టిన మంచు ఈ తరంగాలను చాలా తక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి, బాగా గడ్డకట్టిన ప్యాలెట్ మీది ట్యాగు చక్కగా చదవబడుతుంది. అదే ప్యాలెట్ బయటి గదిలో కొంతసేపు నిలబడి, విశాఖ గాలిలోని తేమ దాని మీద చెమర్చి నీటి పొరగా మారితే, అదే ట్యాగు మౌనం వహిస్తుంది. వర్షాకాలంలో తలుపు తీసిన ప్రతిసారీ పొగమంచు కమ్ముకునే మా వంటి చోట, ఎక్కడో పొడి గిడ్డంగిలో చేసిన ప్రదర్శనను చూసి కొనడం డబ్బు పారేసుకోవడమే.

ఆ పరీక్ష తరువాత వారు ఇచ్చిన సలహా నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది. మేము ప్రతి మాస్టర్ కార్టన్‌కూ ఒక ట్యాగు వేయించాలని అనుకున్నాము. వారు వద్దన్నారు. ప్యాలెట్ మీద దొంతరగా పేర్చిన కార్టన్లలో లోపలి వరుసల ట్యాగులను బయటి వరుసలు కప్పివేస్తాయి కాబట్టి లెక్క ఎప్పుడూ పూర్తిగా రాదనీ, నూటికి కొన్ని తప్పిపోయే లెక్క అసలు లెక్కే కాదనీ వివరించారు. పైగా మన దగ్గర రీఫర్ (శీతల) కంటైనర్‌లోకి సరుకు ప్యాలెట్లతో ఎక్కదు, కళాసీలు కార్టన్లను ఒక్కొక్కటిగా చేత్తో అందుకుని నేల నుంచి పేరుస్తారు. అందువల్ల ప్యాలెట్లు మా ఆవరణ దాటి పోవు. ప్యాలెట్‌కు ఒకసారి గట్టి ట్యాగు బిగిస్తే అది ఏళ్ళ తరబడి పనికి వస్తుంది, కార్టన్‌కు మామూలు ముద్రిత బార్‌కోడ్ చాలు, కంటైనర్ తలుపు దగ్గర ఆ బార్‌కోడ్‌ను చదివించుకుంటే సరిపోతుంది అన్నది వారి ప్రతిపాదన. కార్టన్‌కు ఒక ట్యాగు చొప్పున వేయించి ఉంటే వారికి ఏటేటా అమ్మకం దొరికేది. దాన్ని వదులుకుని చెప్పిన సలహా అది.

ట్యాగును ప్యాలెట్‌కు ఒకే వైపు కాకుండా ఎదురెదురు వైపుల బిగించారు, ఫోర్క్‌లిఫ్ట్ ఏ వైపు నుంచి ఎత్తినా ఒకటి తలుపు వైపుకు ఉంటుంది. నీరు పీల్చే చెక్క ప్యాలెట్లను తప్పించి ప్లాస్టిక్‌వే వాడమన్నారు. ట్యాగులో సరుకు వివరాలు ఏవీ ఉండవు, ఒక సంఖ్య మాత్రమే ఉంటుంది. ఆ సంఖ్యకు ఈ పూట ఏ లాటు, ఏ కౌంటు, ఎన్ని కార్టన్లు జత అయ్యాయో చెప్పేది సాఫ్ట్‌వేరే.

రీడర్ కొనేవారు మరొక విషయం తప్పక గమనించాలి. మన దేశంలో ఈ పరికరాలకు లైసెన్సు అవసరం లేని పరిధిగా 2005లో 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ వరకు కేటాయించారు, తరువాత దానిని 868 వరకు పెంచారు. అమెరికాలో వాడే 902 నుంచి 928 మెగాహెర్ట్జ్ పరిధికి అమర్చిన రీడర్లు చవకగా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అవి ఇక్కడ వాడదగినవి కావు. మాకు వచ్చిన మరొక కొటేషన్‌లో ఈ వివరమే లేదు. మేము ఎంచుకున్న సంస్థ రీడర్ ఏ పరిధిలో పనిచేస్తుందో, దానికి మన దేశపు అనుమతి పత్రం ఉందో లేదో అడగకముందే చూపించింది.

ఇక తలుపుల సంగతి. మాకు లోడింగ్ డాక్ తలుపులు పక్కపక్కనే ఉన్నాయి. రీడర్లు అమర్చిన కొత్తలో ఒక తలుపు గుండా పోతున్న ప్యాలెట్‌ను పక్క తలుపు రీడర్ కూడా చదివేసేది. తలుపు దగ్గర ఊరికే దించి ఉంచిన ప్యాలెట్ బయటికి వెళ్ళిపోయినట్టు నమోదయ్యేది. సంస్థ ఇంజనీర్లు రీడర్ శక్తిని తగ్గించారు, యాంటెన్నాల వాలు మార్చారు, ఫోర్క్‌లిఫ్ట్ కదలికను పసిగట్టే సెన్సర్ పెట్టి అది కదిలినప్పుడే రీడర్ పనిచేసేటట్టు చేశారు, ఒకదాని తరువాత ఒకటిగా రెండు యాంటెన్నాలు పెట్టి, ఏది ముందు చదివిందో దాన్ని బట్టి లోపలికా బయటికా అన్నది తేల్చారు. అయినా తలుపు దగ్గర ప్యాలెట్లు నిలబెట్టే అలవాటు ఉన్నంతకాలం లెక్క కుదరదని వారు నిర్మొహమాటంగా చెప్పారు. దాని మీద జట్టు మేస్త్రి, “సార్, తలుపు దగ్గర దించకపోతే ఇంకెక్కడ దించుతాం? లోపలి చలిలో ఎంతసేపని నిలబడతారు మనుషులు?” అని అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనది. సంస్థవారు దానిని కొట్టిపారేయకుండా మేస్త్రిని, ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్లను కూర్చోబెట్టి మాట్లాడి, బయటి గదిలో రీడర్ చూపు అందని ఒక మూలను ప్యాలెట్లు దించే చోటుగా నిర్ణయించి, నేల మీద పసుపు గీతలు వేయించారు. తప్పుడు నమోదులు దాదాపుగా ఆగిపోయింది ఆ గీతలు వేసిన తరువాతనే. ఇటువంటి సేవకు నేను డబ్బు చెల్లించేది పరికరాలకన్నా ఎక్కువగా ఈ ఓపికకే అని నాకు అనిపించింది.

ఉష్ణోగ్రత సెన్సర్ల విషయంలో నాకు చెప్పవలసిన ఫిర్యాదు దాదాపు లేదు. గడ్డకట్టిన సరుకును మైనస్ 18 డిగ్రీలు, అంతకన్నా తక్కువ వద్ద ఉంచాలన్నది అందరూ పాటించే ప్రమాణం. పూర్వం మా దగ్గర గది బయట ఒక డిస్‌ప్లే ఉండేది, దాన్ని చూసి ఆపరేటర్ గంటగంటకూ పుస్తకంలో రాసేవాడు. ఆ డిస్‌ప్లే చూపించేది శీతల యంత్రం దగ్గరి గాలి వేడిమిని మాత్రమే. గదిలో తలుపు పక్కన, పై వరుసల్లో, యంత్రానికి దూరపు మూలల్లో పరిస్థితి వేరుగా ఉంటుంది. సంస్థవారు ముందుగా గదినిండా ఉష్ణోగ్రతను నమోదు చేసే తాత్కాలిక లాగర్లు ఉంచి, నిండుగా సరుకు ఉన్న రోజుల్లోనూ, లోడింగ్ జరుగుతున్న సమయంలోనూ ఎక్కడ ఎంత వేడెక్కుతుందో పరిశీలించి, ఆ తరువాతనే శాశ్వత సెన్సర్ల చోటును నిర్ణయించారు. మేము ఊహించని ఒక పై మూలలో గాలి సరిగ్గా తిరగడం లేదని దానివల్లనే బయటపడింది, పేర్చే పద్ధతిని మార్చుకున్నాము.

అలారాల విషయంలో వారి అనుభవం స్పష్టంగా కనిపించింది. శీతల యంత్రం మీద పేరుకున్న మంచును కరిగించడానికి డీఫ్రాస్ట్ నడిచినప్పుడల్లా దాని దగ్గరి గాలి కొంతసేపు వేడెక్కుతుంది, సరుకు మాత్రం వేడెక్కదు. ఈ తేడా తెలియని సెన్సర్ ప్రతి డీఫ్రాస్ట్‌కూ ఫోన్ మోగిస్తుంది, నాలుగు రోజులకు ఎవరూ ఆ ఫోన్ తీయరు. అందుకని వారు గాలి వేడిమితో పాటు, సరుకు వలె నెమ్మదిగా స్పందించేటట్టు ఒక ద్రవపు సీసాలో ఉంచిన సెన్సర్‌ను కూడా పెట్టి, హద్దు దాటిన స్థితి నిర్ణీత సమయం కొనసాగితేనే అలారం వచ్చేటట్టు అమర్చారు. మొదటి పిలుపు గదులను చల్లబరిచే అమోనియా ప్లాంట్ ఆపరేటర్‌కు వెళుతుంది, ఆయన స్పందించకపోతే నాకు, ఆ తరువాత మేనేజర్ గారికి. సీజన్ మధ్యలో ఒక రాత్రి తలుపు రబ్బరు చీలి చలి కారిపోతుంటే, సరుకుకు ముప్పు రాకముందే ఈ వరుసలోనే మాకు తెలిసింది.

విశాఖలో ఈ సేవ తీసుకునేవారు కరెంటు, ఉప్పుగాలి సంగతులు రెండూ ముందుగానే మాట్లాడుకోవాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను నగరం మీద విరుచుకుపడినప్పుడు కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవన్నది ఇక్కడివారు ఎవరూ మరువరు. సెన్సర్ తన కొలతను ఇంటర్నెట్ ఉన్నప్పుడే పంపి, లేనప్పుడు పారేసుకుంటే, రికార్డు అత్యవసరమైన ఆ రోజులకే రికార్డు లేకుండా పోతుంది. మా దగ్గర అమర్చిన గేట్‌వే, అంటే సెన్సర్ల కొలతలను అందుకుని ఇంటర్నెట్‌కు పంపే పెట్టె, నెట్ లేనప్పుడు కొలతలను తనలోనే దాచుకుని, నెట్ వచ్చాక సమయంతో సహా పంపుతుంది. వీరు సెన్సర్ల బ్యాటరీలు కూడా చలికి తట్టుకునే లిథియం థయోనైల్ క్లోరైడ్ రకం వాడారు, మామూలు బటన్ సెల్ మైనస్ 20 వద్ద తన శక్తిలో చాలా భాగం ఇవ్వలేదు. ఉప్పుగాలి విషయంలో మాత్రం వారి తయారీ చాలలేదు. డాక్ బయటి వైపు యాంటెన్నా కేబుళ్ళ కనెక్టర్లు సీజన్ ముగియకముందే పచ్చబడి, ఒక తలుపు రీడర్ తడబడింది. వాటిని ఉచితంగా మార్చి, సీలు చేసిన పెట్టెల్లో పెట్టారు. సముద్రం పక్కన ఊరిలో పనిచేసే సంస్థ ఆ పెట్టెలను మొదటి రోజే తేవాలి.

చేతి రీడర్ గురించి కూడా ఒక మాట. స్టాకు తనిఖీకి కోటు, గ్లౌజులు వేసుకుని, కళ్ళజోడుకు మంచు పడుతుండగా లోపల గంటలు గడిపే అవస్థ ఇప్పుడు చాలా తగ్గింది. కానీ మొదట ఇచ్చిన రీడర్ చలిగదికి తగినది కాదు, లోపల బ్యాటరీ త్వరగా దిగిపోయేది, బయటికి తెస్తే తెర చెమర్చేది. తరువాత ఇచ్చినది సరిపోయింది.

అసలు చిక్కు సాఫ్ట్‌వేర్ దగ్గర వచ్చింది, దీని గురించి వివరంగా రాయడం అవసరం. వారి సాఫ్ట్‌వేర్ ఒక ప్యాలెట్ మీద ఒకే లాటు ఉంటుందనీ, ఒకసారి ప్యాక్ చేసిన కార్టన్ అదే రూపంలో బయటికి పోతుందనీ భావించి తయారైనది. దుకాణాల గొలుసుకు సరుకు పంపే గిడ్డంగిలో అది నిజమే కావచ్చు. రొయ్యల వ్యాపారంలో ఆర్డర్ మారితే కార్టన్లు విప్పి, లోపలి ప్యాకెట్లను కొత్త కొనుగోలుదారు లేబుల్‌తో వేరే కార్టన్లలో పెడతాము. మిగిలిపోయిన కొద్దిపాటి సరుకును, రెండు మూడు లాట్లవి, ఒకే ప్యాలెట్ మీద ఉంచుతాము. కౌంటు సరిగా లేదని నాణ్యత విభాగం తిప్పి పంపితే మళ్ళీ వేరు చేస్తాము. ఈ పనులు జరిగిన ప్రతిసారీ పాత కార్టన్ నుంచి కొత్త కార్టన్‌కు జాడ తెగిపోయేది. జాడ కోసమే ఇంత ఖర్చు పెట్టిన మాకు, అత్యంత కీలకమైన చోటే అది తెగడం తీవ్రమైన లోపం. బరువుల్లోనూ ఇదే తంటా వచ్చింది. విడివిడిగా గడ్డకట్టించిన రొయ్య ఎండిపోకుండా దాని మీద పలచని మంచు పొర, అంటే గ్లేజ్, పోస్తాము. గ్లేజ్‌తో కలిపిన బరువు ఒకటి, నికర బరువు మరొకటి. వారి సాఫ్ట్‌వేర్‌లో బరువుకు ఒకటే గడి ఉండడం వల్ల, గిడ్డంగి లెక్కకూ అకౌంట్స్ విభాగపు లెక్కకూ ఎప్పుడూ పొంతన కుదిరేది కాదు.

మొదట వారు మమ్మల్నే పద్ధతి మార్చుకోమన్నారు. మేము ఒప్పుకోలేదు. వ్యాపారం నడిచే తీరును సాఫ్ట్‌వేర్ అనుసరించాలి గానీ, కొనుగోలుదారు కోరిన రీప్యాకింగ్‌ను సాఫ్ట్‌వేర్ కోసం మానుకోలేము. చివరికి వారి ఇంజనీరు ఒకరు మా ప్యాకింగ్ హాలులో షిఫ్టు పొడవునా కూర్చుని, పని జరిగే తీరును రాసుకుని, రీప్యాకింగ్‌ను ఒక ప్రత్యేక దశగా చేర్చారు. ఇప్పుడు విప్పిన కార్టన్ల బార్‌కోడ్లు, కొత్త కార్టన్ల బార్‌కోడ్లు రెండూ చదివితేనే ఆ దశ ముగుస్తుంది. బరువుకు రెండు గడులు వచ్చాయి. ఈ మార్పులు రావడానికి సీజన్‌లో మంచి భాగం గడిచిపోయింది, అంతవరకు పాత రిజిస్టర్‌ను పక్కన నడపవలసి వచ్చింది. నేను తగ్గించిన ఒక మార్కు దీనికే. ఇప్పుడు మాత్రం కార్టన్ సంఖ్య ఇస్తే చెరువు, పట్టిన తేదీ, పరీక్ష ఫలితం, గడ్డకట్టించిన తేదీ, గిడ్డంగిలో ఉన్నన్నాళ్ళ ఉష్ణోగ్రత అన్నీ ఒకే పేజీలో వస్తున్నాయి, రోజంతా పట్టిన పని కొన్ని నిమిషాల్లో అయిపోతున్నది.

తెరలన్నీ తెలుగులో ఇచ్చినందుకు వారిని మెచ్చుకోవాలి. కళాసీలు, ప్యాకింగ్‌లో పనిచేసే ఆడవాళ్ళు ఎవరి సహాయమూ లేకుండా వాడుతున్నారు.

ఖర్చు గురించి చెప్పాలంటే, ప్యాలెట్ ట్యాగులు మొత్తంలో చిన్న భాగమే. రీడర్లు, యాంటెన్నాలు, కేబుళ్ళు, ఆపైన ఏటేటా కట్టే సాఫ్ట్‌వేర్ రుసుము, నిర్వహణ ఒప్పందం పెద్ద భాగం. కొటేషన్లు పోల్చేటప్పుడు ట్యాగు ధరను కాక, ఐదేళ్ళ మొత్తాన్ని చూడాలి. రోజుకు ఒక కంటైనర్ కూడా పోని చిన్న యూనిట్‌కు తలుపు రీడర్లు అనవసరమని నా అభిప్రాయం. వారికి సెన్సర్లు, శ్రద్ధగా వాడే బార్‌కోడ్లు చాలు, జాడ నియమాలకు కూడా అవి సరిపోతాయి. లాట్లు ఎక్కువగా కలిసే, రీప్యాకింగ్ తరచుగా జరిగే యూనిట్లకు ఈ సేవను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను.

ఒప్పందంలో మేము పట్టుబట్టి రాయించుకున్న షరతులు రెండున్నాయి. ఒప్పందం రద్దయినా మా సమాచారం మొత్తం మామూలు ఎక్సెల్‌లో తెరుచుకునే రూపంలో మాకు తిరిగి రావాలన్నది మొదటిది. సెన్సర్లను ఏటా ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ మండలి) గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో కాలిబ్రేట్ చేయించి, అంటే కొలత సరిగా ఉందో సరిచూయించి, ధ్రువపత్రం ఇవ్వాలన్నది రెండవది, తనిఖీకి వచ్చే అధికారి గ్రాఫుకన్నా ముందు ఆ పత్రాన్నే అడుగుతారు. ఈ రెండింటికీ ఆ సంస్థ అదనపు రుసుము అడగకుండా ఒప్పుకుంది. తొలి ఏడాది కాలిబ్రేషన్‌కు సెన్సర్లను విడతలుగా తీసుకువెళ్ళి, వాటి స్థానంలో తాత్కాలికంగా వేరేవి బిగించి, ఏ గదికీ రికార్డులో ఖాళీ రాకుండా చూసుకుంది.